అటక మీది పొట్టు పొయ్యి

మామ్మ సంవత్సరీకానికి అందరూ విశాఖపట్నం పాతవూళ్ళోని పెంకుటింటికి చేరారు. భోజనాలయ్యాక అటక ఖాళీ చెయ్యడం మొదలైంది. చిన్నాన్న నిచ్చెనెక్కి ఒక్కోటీ అందిస్తుంటే, కిందనున్నవాళ్ళు దులిపి అరుగు మీద వరసగా పెడుతున్నారు. ఇత్తడి గిన్నెలు, కాలు విరిగిన పీట, కొబ్బరికాయంత పురికొస ఉండ, ఒక గోనెసంచి నిండా మడతపెట్టిన గోనెసంచులు. చివర్న నల్లటి రేకుడబ్బా ఒకటి దిగింది. పక్కన, అడుగుకి దగ్గరగా, దానికో గుండ్రటి కన్నం. మూత తీసేసరికి కాలిన రంపపు పొట్టు వాసన. ఆ పొయ్యి వెలిగి ముప్ఫయ్యేళ్ళ పైమాటే, వాసన మాత్రం డబ్బాని వదల్లేదు.

"ఇదేటి, చెత్తబుట్టా?" అన్నాడు మనవల్లో ఒకడు.

"పొయ్యిరా నాయనా. ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్ళు దీనిమీదే" అన్నాడు చిన్నాన్న నిచ్చెన మీంచే.

ఆ పొయ్యిని రాత్రి పడుకునే ముందు కూరి పెట్టేవారు. రంపపు పొట్టు కర్రల అడితి నుంచి వచ్చేది. అక్కడ అది అడ్డం, ఇక్కడ అదే వంటచెరకు. బస్తా మోసుకొచ్చిన కూలి తప్ప పెద్దగా ఖర్చుండేది కాదు. డబ్బా మధ్యలో రోకలి నిలువుగా నిలబెట్టి, పక్క కన్నంలోంచి ఒక గుండ్రటి కర్రని అది రోకలికి తగిలేదాకా దూర్చాలి. తర్వాత పొట్టు జానెడు ఎత్తున పోసి, గుప్పిటతో గుద్ది గట్టిపరిచి, మళ్ళీ జానెడు పొయ్యాలి. డబ్బా నిండాక ముందు అడ్డకర్రని, తర్వాత రోకలిని, తిప్పుతూ తిప్పుతూ మెల్లగా బయటికి లాగితే లోపల ఇంగ్లీషు ఎల్ అక్షరం లాంటి సొరంగం మిగుల్తుంది. తెల్లారి కింది కన్నంలో కాగితం ముక్క వెలిగిస్తే గాలి కిందనుంచి పీల్చుకుని మంట నిలువు గొట్టంలోంచి పైకి లేస్తుంది. ఒకసారి అంటుకుంటే మూడు నాలుగు గంటలు ఎవరూ దాని మొహం చూడక్కర్లేదు.

చెడిపోవడానికి రెండే దారులు. పొట్టు వదులుగా కూరితే సగం కాలాక గోడ కూలి గొట్టం పూడుకుపోతుంది, మంట ఆరి పొగ మిగుల్తుంది. పొట్టు చెమ్మగా ఉన్నా అంతే, కళ్ళు మండిపోయే పొగ. మన ఊళ్ళో గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి బస్తాని నేలమీద పెట్టకుండా చూరు కింద ఎత్తు మీద పెట్టేవారు. అంటుకునేదాకా పొయ్యి పెరట్లోనే. పొగ మొదటి పది నిమిషాల్లోనే ఎక్కువ. వంటింట్లో పొగ పీల్చి ఆడవాళ్ళు దగ్గుతూ గడిపిన బతుకులు కూడా ఆ కాలంలోనివే, గ్యాసు రావడం వాళ్ళకి పెద్ద ఊరట. ఆ పొయ్యి మళ్ళీ వంటింట్లోకి రావాలని ఎవరూ అనుకోనక్కర్లేదు. గుర్తుంచుకోవాల్సింది అడితిలో మిగిలిన పొట్టు ఎక్కడికి చేరేదో, ఆ పొయ్యిలో మిగిలిన బూడిద ఎక్కడికి పోయేదో.

బూడిద గిన్నెలకి పోయేది. జల్లెడ పట్టి, రాళ్ళు బొగ్గులు తీసేసి, చిల్లుపడ్డ ముంతలో పోసి నూతి పక్కన పెట్టేవారు. బూడిదలో క్షారం ఉంటుంది, గిన్నెకంటిన జిడ్డుతో కలిసి అదే సబ్బు పని చేస్తుంది. జిడ్డు గిన్నెకి బూడిద, చిలుము పట్టిన ఇత్తడికి చింతపండు తొక్కు. పులుపు చిలుముని కరిగిస్తుంది. ఈ రెండూ తారుమారు చెయ్యకూడదు. అల్యూమినియం గిన్నెని బూడిదతో తోమితే నల్లబడుతుంది, క్షారం ఆ లోహాన్ని తింటుంది కాబట్టి. తోమడానికి కొబ్బరిపీచు. అరిగిపోయాక ఆ పీచుని కూడా ఎండబెట్టి పొయ్యి ముట్టించడానికి వాడేవారు.

కుడితి గోలెం

పెరటి గుమ్మం పక్కన సిమెంటు గోలెం ఒకటుండేది. బియ్యం కడుగునీళ్ళు, గంజి, ఆనపకాయ తొక్కు, అరటిపండు తొక్కలు, మిగిలిన అన్నం అందులోకే. సాయంత్రం గేదెల మనిషి వచ్చి, బకెట్లోకి వంచుకుని, తౌడు కలుపుకునేవాడు. ఇంటి తడిచెత్తలో ముప్పాతిక వంతు అలా గేదె కడుపులోకి పోయి, మర్నాడు పొద్దున పాలై తిరిగొచ్చేది.

ఆ గోలెంలో ఏది వెయ్యకూడదో పిల్లలందరికీ కంఠతా వచ్చు. వెంట్రుకలు, పిన్నీసులు, చేప ముళ్ళు, పులిసి బూజుపట్టిన అన్నం, సబ్బునీళ్ళు. మామ్మ రోజూ చెయ్యిపెట్టి అడుగంటా కలిపి చూసేది. "మూగజీవం, నోరు తెరిచి సెప్పలేదు కదమ్మా" అనేది. ఇవాళ వీధుల్లో ఆవులు ముడేసిన ప్లాస్టిక్ సంచుల్ని సంచితో సహా మింగుతున్నాయి. కడుపులో అది అరగదు, బయటికి రాదు, మేత పట్టకుండా చేసి చంపుతుంది. కాబట్టి ఇప్పుడు ఏ పశువుల మనిషికైనా తొక్కలు ఇస్తే మూత ఉన్న బకెట్లో ఇవ్వాలి, ఆరోజువి ఆరోజే ఇవ్వాలి. ఎండాకాలం తడి తొక్కలు పూట దాటితే పులుస్తాయి.

ఊళ్ళో గేదెల పాకలు పోయాయి. తొక్కలు మాత్రం పోలేదు. ఇప్పుడవి బండెక్కి కాపులుప్పాడ డంపింగ్ యార్డు దాకా ప్రయాణం చేస్తున్నాయి.

"కళాయీ..."

మధ్యాహ్నం నిద్రపట్టే వేళకి వీధి చివర్నుంచి సాగదీసిన కేక వినిపించేది. "కళాయీ... ఇత్తడి గిన్నెలకి కళాయీ..." తలుపు తెరిచేసరికి కళాయి వేసేవాడు గుమ్మంలో కూచుని, "ఏటమ్మా, గిన్నెలేటైనా ఉన్నాయా?" అని అడిగేవాడు. వీధి పక్కన చిన్న గొయ్యి తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తి గొట్టం మట్టితో మెత్తి అమర్చేవాడు. తిత్తి ఊదే చప్పుడు ఆ వీధి ఊపిరిలా ఉండేది.

ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. పులుసు గానీ మజ్జిగ గానీ నేరుగా ఇత్తడికి తగిలితే ఆ పులుపు లోహాన్ని కరిగించి పచ్చటి చిలుము తెస్తుంది, కూర వగరెక్కుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది. అందుకే లోపల తగరం పూత, అదే కళాయి. పని క్రమం ఇది: ముందు గిన్నెని ఇసుకా చింతపండూ వేసి లోపలంతా పసుపుపచ్చగా మెరిసేలా రుద్దాలి. జిడ్డు చుక్క ఉన్నచోట తగరం పట్టదు. తర్వాత నిప్పులమీద తిప్పుతూ సమంగా వేడి చెయ్యాలి. వేడెక్కాక నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేస్తుంది, లోహం మీది మసక పొర పోతుంది. ఆ క్షణంలోనే తగరం కడ్డీ తాకించాలి. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడి చాలకపోతే ముద్దలు కడుతుంది, ఎక్కువైతే పసుపు రంగుకి తిరిగి మాడిపోతుంది. కరిగిన తగరాన్ని దూది ఉండతో చుట్టూ తుడిచి, వెంటనే చల్లనీళ్ళలో ముంచితే గిన్నె లోపల వెండిలా మెరిసేది. పిల్లలంతా ఆ ఒక్క 'చుంయ్' కోసం గంటసేపు కూచునేవారు.

ఇప్పుడు ఇత్తడి గిన్నెలు మళ్ళీ వంటిళ్ళలోకి వస్తున్నాయి, మంచిదే. అయితే కళాయి సంగతి తెలియకుండా కొనకూడదు. రోజూ వాడే గిన్నెకి మూడు నుంచి ఆరు నెలల్లో పూత అరుగుతుంది. లోపల ఇత్తడి రంగు మచ్చలు కనపడ్డాయంటే పులుపు వండకూడదు. ఉత్త గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోతే తగరం కరిగి అడుగున పూసలవుతుంది. పోపుకి అది పనికిరాదు, దానికి ఇనప మూకుడే. స్టీలు పీచు అసలు తాకించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తగరంలో సీసం కలిపితే చవగ్గా వస్తుంది, అది విషం. మామ్మ కడ్డీ చేతికి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని వంచేది. అసలు తగరం వంగేటప్పుడు కిర్రుమంటుంది. సీసం మెత్తగా చప్పుడు లేకుండా వంగుతుంది, కాగితం మీద గీస్తే పెన్సిల్లా గీత పడుతుంది.

పొట్లం, పురికొస, ఆకు

కిరాణా కొట్టులో కందిపప్పు పాత పేపరు పొట్లంలో కట్టి, పైనుంచి వేలాడే పురికొస లాగి నాలుగు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవాడు. ఇంట్లో ఆ ముడి తెంపడానికి వీల్లేదు. గోటితో విప్పి ఉండకి చుట్టాలి. అటక మీంచి దిగింది ఆ ఉండే. పరీక్షగా చూస్తే అంగుళానికో ముడి. ఉత్తరాంధ్ర గోగునార పండించిన నేల. గోనెసంచి, తాడు ఇక్కడ ఇంటి సరుకు. చిట్టివలస జూట్ మిల్లు పేరు వినని పెద్దవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉండరు.

పేపరు పొట్లాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోవద్దు. ముద్రణ సిరాలో ఒంటికి పడని రసాయనాలుంటాయి, నూనె తగిలిన వేడి బజ్జీల్లోకి అవి ఇంకా తొందరగా దిగుతాయి. దాని బదులు పాత నూలు చీరతో సంచులు కుట్టుకోవడం మేలు. పప్పులకి జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు చాలు. కుట్టు రెండు వరసలు వెయ్యాలి, అంచు లోపలికి మడవాలి, లేకపోతే పెసలు కుట్లలోంచి జారతాయి. ఖాళీ సంచిని ముందే తూయించి, బరువు దారంతో దానిమీదే కుట్టేస్తే కొట్లో వాదన ఉండదు. రైతుబజారుకి వెళ్ళేటప్పుడు రెండు పెద్ద సంచులు కాదు, ఒక పెద్దది, ఐదారు చిన్నవి కావాలి. టమాటాలు, ఆకుకూరలు విడిగా పెట్టుకునే వీల్లేకే చాలామంది చివరి నిమిషంలో ప్లాస్టిక్ కవరు అడుగుతారు.

అడ్డాకుల విస్తళ్ళు మన్యం ఏజెన్సీ నుంచి కట్టలు కట్టలుగా పూర్ణా మార్కెట్‌కి దిగేవి. సన్నటి పుల్లలతో కుట్టిన ఆకులు. తినబోయే ముందు నీళ్ళు చిలకరిస్తే మెత్తబడి చిరగవు. వానాకాలం కట్టని విప్పి గాలికి ఆరబెట్టకపోతే బూజు. పెళ్ళి భోజనాలయ్యాక గోతిలో వేస్తే కొన్ని నెలల్లో మట్టి. ఇప్పుడు ఆకుపచ్చ రంగులో ఆకు బొమ్మ వేసి అమ్ముతున్న కాగితం విస్తళ్ళు చాలావరకు అలాంటివి కావు. ఒక ముక్క చింపి పావుగంట వేణ్ణీళ్ళలో నానబెట్టి గోటితో గీకి చూడండి. పల్చటి పొర ఊడివస్తే అది ప్లాస్టిక్. గోతిలో వేసినా ఆ పొర అలాగే ఉంటుంది.

నూతి గిలక

పొద్దున్నే ఆ ఇంట్లో అందరినీ లేపేది గిలక చప్పుడు. పాతవూరు సముద్రానికి కూతవేటు దూరం, అయినా ఆ నూతి నీళ్ళు తియ్యగా ఉండేవి. వాననీరు ఇసుకలోంచి దిగి, కింద నేలలో ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది, మంచినీటికి బరువు తక్కువ కాబట్టి. చేదతో తోడితే పైపైన తీసి, ఊట ఊరేదాకా ఆగినట్టే. మోటారు పెట్టి ఏకబిగిన లాగితే పైనున్న మంచినీళ్ళు అయిపోయి కిందనుంచి ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. తర్వాత మోటారు ఆపేసినా ఉప్పు తొందరగా దిగదు, మళ్ళీ వానలు పడాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇది కళ్ళారా కనిపించింది. చెట్లన్నీ కూలి, కరెంటు రోజుల తరబడి లేదు. ట్యాంకులెండిపోయాయి. వీధి వీధంతా చేదలు పట్టుకుని ఆ నూతి దగ్గరికొచ్చింది. రోజంతా గిలక ఆగలేదు, నీళ్ళు తగ్గలేదు, రుచి మారలేదు. నాలుగోరోజు పక్క సందులో ఒకరు జనరేటరు తెప్పించి తమ బోరు మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా నడిపారు, వీధికంతా మంచి చేద్దామనే. మర్నాటికి ఆ బోరులో నీళ్ళు నోట్లో పెట్టుకోలేనట్టయ్యాయి.

సముద్రం పక్కన ఉన్న ఊరికి ఇంకుడుగుంత అందుకే అందరికన్నా ఎక్కువ అవసరం. లెక్క తేలిక. ఇక్కడ ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన. 100 చదరపు మీటర్ల డాబా మీద అది లక్ష లీటర్లు. ఆవిరయ్యేది, చిందేది పోగా 80,000 లీటర్లు చేతికొస్తుంది. గుంత మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర నుంచి రెండు మీటర్ల లోతు. అడుగున 40 మిల్లీమీటర్ల కంకర, దానిమీద 20 మిల్లీమీటర్లది, పైన జానెడు ముతక ఇసుక. తొలి వాననీళ్ళు డాబా మీది దుమ్మూ రెట్టలూ తెస్తాయి కాబట్టి వాటిని పక్కకి వదిలెయ్యాలి. గొట్టానికి ఒక విడి మూత పెడితే చాలు. గుంతలు పని మానెయ్యడానికి అసలు కారణం ఎర్రమట్టి. కొండల పక్క కాలనీల్లో వానతో కొట్టుకొచ్చిన మట్టి ఇసుక మీద పొరగా పట్టి మూసేస్తుంది. ఏటా వేసవి చివర పై ఇసుక నాలుగు వేళ్ళ మందం గీకి, కడిగి, మళ్ళీ పరవాలి. ఆ పని ఎవరూ చెయ్యకపోతే మూడో ఏటికి అది ఉత్త గచ్చు.

ఎండాకాలం

వెనక వంటింటి డాబాకి ఏటా మార్చిలో గుల్ల సున్నం. ఎదురుగా సముద్రం ఉండగా రాతిసున్నం ఎందుకు అనేది మామ్మ. నీళ్ళలో సున్నం వెయ్యాలి గానీ సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, పేలి కళ్ళలో పడుతుంది. కిలోకి 5 లీటర్ల నీళ్ళు, రాత్రంతా నానాక గుడ్డలో వడకట్టి, పట్టు కోసం బియ్యం గంజి కలిపి సాయంత్రం పూట పుయ్యాలి. ఎండలో పూస్తే తొందరగా ఆరి పొడిలా రాలిపోతుంది. ఒకరోజు ఆగి రెండో పూత. తెల్లటి డాబా ఎండని వెనక్కి కొడుతుంది, కింద గదిలో తేడా అరికాలికే తెలుస్తుంది.

కుండనీళ్ళ విషయంలో మాత్రం మన ఊరికి రాయలసీమ అదృష్టం లేదు. కుండ చల్లబడేది గోడలోంచి ఊరిన నీరు ఆవిరవడం వల్ల. గాలిలో ఇప్పటికే తడి ఉంటే ఆవిరి తక్కువ. అందుకే ఇక్కడ కుండని మూల పెడితే ప్రయోజనం లేదు, గాలి తగిలే కిటికీలో, ఆగ్నేయం వైపు పెట్టాలి. సముద్రపు గాలి మధ్యాహ్నం అటునుంచే. కుండని సబ్బుతో కడగకూడదు. ఒక వేసవి వాడాక లవణాలు పట్టి రంధ్రాలు పూడిపోతాయి, బయటివైపు కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దితే కొంత తెరుచుకుంటాయి. లేదంటే మొక్కల కింద కుండీయే.

ఆఫీసు బల్ల

పోర్టు వైపు ఆఫీసుల్లో పనిచేసిన తరానికి 'ఎకానమీ స్లిప్పు' గుర్తుండే ఉంటుంది. వచ్చిన కవరు చింపరు, కత్తితో అంచు తెరుస్తారు. పాత చిరునామా మీద ఆ చిన్న కాగితం అతికించి కొత్త చిరునామా రాసి పంపుతారు. ఒక కవరు నాలుగు ఆఫీసులు తిరిగిన సందర్భాలున్నాయి. డ్రాఫ్టు ఎప్పుడూ ఒకవైపు రాసిన కాగితం వెనకే. గుండుసూదులు ఏరి డబ్బాలో వెయ్యడం ప్యూను పని. మధ్యాహ్నం నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీలు, టీకి గాజు గ్లాసులు. షిప్‌యార్డు ఉన్న సింధియా వైపు షిఫ్టు వదిలే వేళ సైకిళ్ళ గంటలు, గొలుసుల గరగర. ఉప్పుగాలికి గొలుసు తుప్పెక్కకుండా వారానికోసారి మిషను నూనె రెండేసి చుక్కలు. కొబ్బరినూనె పెడితే దుమ్ము పట్టి మడ్డి కడుతుంది.

ఇప్పుడు ప్రింటరు ఉన్న ఆఫీసుల్లో రెండువైపులా ముద్రించడం ఒక్కసారి సెట్ చేస్తే అదే నడుస్తుంది. 80 జీఎస్ఎం ఏ4 రీము ఒకటి రెండున్నర కిలోలు. నెలకి పది రీములు వాడే చోట పాతిక కిలోల్లో ఎంత లేదన్నా ఏడెనిమిది కిలోలు మిగుల్తాయి. వానాకాలంలో రెండోవైపు కాగితం ఇరుక్కుంటోందని ఆ సెట్టింగు తీసేస్తారు. తప్పు ప్రింటరుది కాదు, కాగితం చెమ్మ పీల్చి వంకర తిరగడం. రీము పైకాగితం చివరిదాకా ఉంచి, కావలసినన్ని మాత్రమే ట్రేలో పెడితే ఇరుక్కోదు. ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోవచ్చు. మన ఊళ్ళో ఒంటికి బాధ వేడికన్నా చెమటతో, ఆ చెమట ఆరడానికి గాలి కదిలితే చాలు. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారుది 30. రోజుకి పది గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మీద దాదాపు అరయూనిట్ తేడా. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు తడి ఎక్కువైన మన గాలికి బకెట్లు నింపుతాయి. తాగడానికి పనికిరావు, గచ్చు తుడవడానికి చక్కగా సరిపోతాయి.

డబ్బా ఎక్కడికి పోయింది

సాయంత్రానికి అరుగు మీది సామాను పంచుకోవడం అయింది. ఇత్తడి గిన్నెలు అత్త పట్టుకెళ్ళింది, కళాయి వేసే మనిషిని వెతుక్కున్నాకే వండుతానంది. డబ్బా ఎవరికీ అక్కర్లేకపోయింది. పాత ఇనప సామాన్ల వాడికి ఇద్దామంటే పిన్ని ఆపింది.

దాన్నిప్పుడు పెరట్లో రెండిటికల మీద పెట్టారు. పక్క కన్నానికి ఎలుక దూరకుండా సన్న జాలీ బిగించారు, గాలి పోతుంది, ఊట కారుతుంది. అడుగున మూడంగుళాలు కొబ్బరిపీచు. రోజూ తొక్కలు ఎన్నైతే దానికి రెట్టింపు ఎండుటాకులు, మొదట్లో గుప్పెడు పాత ఎరువు. వారానికోసారి కర్రతో కిందామీదా చెయ్యాలి. కుళ్ళు వాసన వచ్చిందంటే తడి ఎక్కువైంది, ఎండుటాకులు పడాలి. చీమలు పట్టాయంటే పొడిబారింది, చెంబుడు నీళ్ళు చల్లాలి. రెండు నెలలకి నల్లటి మట్టి. ఉప్పుగాలికి రేకు మూడు నాలుగేళ్ళకి తుప్పు తినేస్తుంది, అప్పటిదాకా సరిపోతుంది. వానలు మొదలవుతున్నాయని మొన్న పిన్ని డబ్బా నోటికి అటక మీది గోనెసంచి కప్పి, మామ్మ ఉండలోంచి పురికొస లాగి మూడు చుట్లు చుట్టింది. కత్తిరించకుండా, విప్పుకోవడానికి వీలుగా జారుముడి వేసింది.